ఎండాకాలం పండ్లు, కూరగాయలు: ఎలా చూసి కొనాలి, ఎలా వాడాలి?

ఎండలు ముదిరాయంటే బజారు రంగే మారిపోతుంది. రోడ్డు పక్కన పుచ్చకాయల కుప్పలు, మసీదు గేటు ముందు కర్బూజా బండ్లు, గల్లీ మొగదల ముంజల గంపలు. అసర్ నమాజ్ చదివి ఇంటికొచ్చే పెద్దవాళ్ల చేతిలో ఏదో ఒక పండు లేకపోతే పిల్లలు ఊరుకోరు.

కానీ కొన్నవన్నీ తినడానికి పనికొస్తున్నాయా? పైకి పసుపు పచ్చగా మెరిసే మామిడిపండు కోస్తే లోపల పుల్లగా ఉంటుంది. ఆరు కిలోల పుచ్చకాయ ఇంటిదాకా మోసుకొచ్చి కోస్తే తెల్లగా నవ్వుతుంది. పైసలు పోవడం ఒక ఎత్తు. బండి మీద ఎప్పుడో కోసిపెట్టిన ముక్కలు తిని రాత్రికి రాత్రి పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకోవడం మరో ఎత్తు. అందుకే ఏ నెలలో ఏవి కొనాలి, ఎలా చూసి కొనాలి, ఇంటికి తెచ్చాక ఏం చేయాలి అన్నది ఒక్కచోట చెప్పుకుందాం.

ఏ నెలలో ఏవి?

సీజన్‌లో దొరికే కాయకు రుచి ఎక్కువ, ధర తక్కువ. దూరం నుంచి రాదు కాబట్టి తాజాగా కూడా ఉంటుంది. మన తెలుగు రాష్ట్రాల్లో సుమారుగా లెక్క ఇలా ఉంటుంది:

మార్చి: పుచ్చకాయ, కర్బూజా, ద్రాక్ష చివరి దశ, పచ్చి మామిడి (కైరీ), చింత చిగురు.

ఏప్రిల్: పుచ్చకాయ, తాటి ముంజలు, ఫాల్సా, సువర్ణరేఖ లాంటి ముందస్తు మామిళ్లు. బంగినపల్లి రావడం మొదలవుతుంది.

మే: బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, చెరుకు రసాలు, హిమాయత్, పనస, ఆవకాయకు పచ్చి మామిడి. నెలాఖరుకు ఉత్తరాది నుంచి లిచీ వస్తుంది.

జూన్: దసేరి, మల్లిక, తోతాపురి, చివర్లో నీలం. వానలు మొదలయ్యే వేళకు నేరేడు పండ్లు.

కూరగాయల్లో సొరకాయ, బీరకాయ, దోసకాయ, కీరా, పొట్లకాయ, దొండకాయ, బెండకాయ, గోరుచిక్కుడు, మునగకాయ ఎండాకాలానికి తగినవి. కాలీఫ్లవర్, పచ్చి బఠాణీ, క్యారెట్ చలికాలం పంటలు. మే నెలలో వాటి కోసం పట్టుబడితే ఎక్కువ డబ్బు పెట్టి వాడిపోయిన సరుకు తెచ్చుకోవడమే.

మామిడిపండు: రంగు చూసి మోసపోవద్దు

కర్నూలు వైపు బంగినపల్లి, కృష్ణా వైపు నూజివీడు రసాలు, తెలంగాణలో కొల్లాపూర్, జగిత్యాల తోటలు. మనకున్న సంపద ఇది. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. హైదరాబాద్‌లో హిమాయత్ పేరు చెబితే పెద్దవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. దీన్నే ఇమామ్ పసంద్ అని కూడా అంటారు.

అన్ని రకాలూ పండితే పసుపు కావు. హిమాయత్ పండినా పైన ఆకుపచ్చ మిగిలే ఉంటుంది. కాబట్టి రంగు ఒక్కటే చూడొద్దు. చూడాల్సినవి ఇవి:

* తొడిమ దగ్గర వాసన. బాగా పండిన పండు ముక్కు దగ్గర పెట్టుకోగానే తియ్యని వాసన వస్తుంది. వాసనే లేకపోతే అనుమానించాలి.
* భుజాలు. తొడిమకు రెండు వైపులా నిండుగా లేచి ఉంటే కాయ చెట్టు మీద బాగా ముదిరిందని అర్థం. భుజాలు దిగి ఉంటే లేతకాయను కోసి పండబెట్టారన్నమాట.
* బరువు. అదే సైజు రెండు పండ్లలో బరువున్నదే రసం ఉన్నది.
* మెత్తదనం. బొటనవేలితో గట్టిగా నొక్కొద్దు. అరచేతిలో పట్టుకొని మెల్లగా ఒత్తితే కొద్దిగా లొంగాలి. ఒకచోట రాయిలా, ఒకచోట మెత్తగా ఉంటే వదిలేయండి.

కార్బైడ్ సంగతేంటి?

కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం. 2011 ఆహార భద్రతా నిబంధనల్లోనే ఈ విషయం స్పష్టంగా ఉంది. కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలిన్ వాయువు వస్తుంది. దాంతో తొక్క రంగు త్వరగా మారుతుంది. బజారులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్పరస్ ఆనవాళ్లు ఉంటాయి. భయమంతా వాటితోనే. దీనికి బదులు ఎథిలిన్ వాయువును 100 పీపీఎం వరకు వాడుకోవడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతిచ్చింది. ఎథిలిన్ పండు తనంతట తాను కూడా విడుదల చేసే వాయువే. కాబట్టి "గ్యాస్ పెట్టిన పండు" అన్నంత మాత్రాన అది విషం కాదు. ఏ గ్యాస్ అన్నదే ప్రశ్న.

ఇంట్లో చూసి ఇది కార్బైడ్ పండే అని ఖచ్చితంగా తేల్చడం కష్టం. పెట్టెలోని పండ్లన్నీ ఒకే తీరుగా పసుపు పచ్చగా ఉండి, వాసన లేకుండా, కోస్తే లోపల గట్టిగా, పుల్లగా ఉంటే మాత్రం తినకపోవడమే మేలు. కాయల మధ్య బూడిదరంగు పొడి పొట్లాలు కనిపిస్తే జిల్లా ఆహార భద్రతా అధికారులకు ఫిర్యాదు చేయండి.

అన్నింటికంటే మంచి దారి మన దాదీమాలు చేసిందే. బాగా ముదిరిన కాయలు కొనండి. వరిగడ్డి ఉంటే వరిగడ్డిలో, లేకపోతే పాత పేపర్లలో చుట్టి గాలాడే బుట్టలో పెట్టండి. మధ్యలో ఒక పండిన అరటిపండు పెడితే ఇంకా త్వరగా మగ్గుతాయి. మూడు నాలుగు రోజుల తర్వాత రోజూ చూస్తూ, పండినవి పండినట్టు తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. పచ్చికాయల్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దు, సరిగ్గా పండవు.

తినే ముందు తొడిమ కోసి, అరగంట నీళ్లలో వేసి, మళ్లీ కడగండి. తొడిమ దగ్గర కారే సొన పెదాలకు, చర్మానికి తగిలితే మంట, పొక్కులు వస్తాయి. రసాలను చప్పరించి తినే పిల్లల విషయంలో ఇది తప్పకుండా చేయాలి.

పుచ్చకాయ, కర్బూజా

పుచ్చకాయలో 90 శాతానికి పైగా నీరే. చెట్టు నుంచి కోశాక ఇది ఇంకా తీపెక్కదు. కాబట్టి కొనేటప్పుడే చూసుకోవాలి.

* నేలకు ఆనిన చోట మచ్చ వెన్నరంగులో, పసుపుగా ఉంటే పండింది. తెల్లగా ఉంటే తొందరపడి కోసింది.
* వేలితో తడితే లోపల ఖాళీగా ఉన్నట్టు మోగాలి. 'దబ్' అని మొద్దుగా వినిపిస్తే మాగిపోయి ఉండొచ్చు.
* సైజుకు మించిన బరువు ఉండాలి.
* తొక్క మీద పగుళ్లు, మెత్తని చోట్లు ఉంటే తీసుకోవద్దు.

ఎర్రరంగు కలిపారేమోనన్న అనుమానం ఉంటే, కాయను రెండుగా కోసి లోపలి ఎర్ర భాగం మీద దూదితో రుద్దాలి. దూది ముదురు ఎరుపుగా మారితే ఆ కాయ పక్కన పెట్టేయాలి.

కర్బూజాకు వాసనే గుర్తు. తొడిమకు అవతలి కొన దగ్గర తియ్యగా వాసన రావాలి, మెల్లగా ఒత్తితే కొద్దిగా లొంగాలి. గరుకు తొక్క సందుల్లో మట్టి, క్రిములు దాక్కుంటాయి. కడగకుండా కోస్తే కత్తితోపాటు అవి లోపలి ముక్కల్లోకి వెళ్తాయి. "ఎలాగూ తొక్క తినం కదా" అనుకోవద్దు. ముందు కుళాయి కింద రుద్ది కడిగి, ఆ తర్వాతే కోయాలి.

గింజలు పారేయకండి. కుర్మాలో, హల్వాలో వేసే చార్ మగజ్ అంటే కర్బూజా, పుచ్చ, కీరా, గుమ్మడి గింజల పప్పులే. కడిగి ఎండబెట్టి పైపొట్టు తీసి డబ్బాలో పెట్టుకుంటే పండుగకు కొనే పని తప్పుతుంది. పుచ్చకాయ తొక్కకు, ఎరుపుకు మధ్య ఉన్న తెల్ల భాగాన్ని సొరకాయలాగే పప్పులోనో, పచ్చడిలోనో వాడుకోవచ్చు.

ముంజలు, ఫాల్సా, నేరేడు, లిచీ

ముంజ నొక్కితే మెత్తగా, లోపల నీళ్లు కదిలినట్టు ఉండాలి. గట్టిగా ఉంటే ముదిరింది, తిన్నా అరగదు, పిల్లలకు కడుపునొప్పి. కళ్ల ముందే కాయ కొట్టి తీసిచ్చేవాళ్ల దగ్గర కొనడం మంచిది. అదే రోజు తినేయాలి.

ఫాల్సా ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. పావు కిలో ఫాల్సా కడిగి, చిటికెడు ఉప్పు, తగినంత చక్కెర వేసి చేత్తో పిసికి, నీళ్లు పోసి వడగడితే నలుగురికి షర్బత్ అవుతుంది. మిక్సీలో వేస్తే గింజలు నలిగి వగరు వస్తుంది.

నేరేడు పండ్లు నల్లగా నిగనిగలాడుతూ, తొక్క చిట్లకుండా ఉండాలి. చెట్టు కింద రాలినవి ఏరి అమ్ముతారు కాబట్టి రెండు మూడు సార్లు కడగాలి.

లిచీ విషయంలో ఒక జాగ్రత్త. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో రాత్రి అన్నం తినకుండా లిచీలే తిని పడుకున్న పిల్లల్లో తెల్లవారేసరికి రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణాల మీదకు వచ్చిన సంగతి పరిశోధకులు గుర్తించారు. లిచీలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలే దీనికి కారణమని 2017లో ప్రచురించారు. బక్కగా ఉన్న పిల్లలకు, ఖాళీ కడుపున, పచ్చి లిచీలు ఇవ్వొద్దు. అన్నం తిన్నాక నాలుగైదు పండిన లిచీలు తింటే భయపడాల్సిన పనిలేదు.

కూరగాయలు: గోరు, చెవి, నాలుక

* సొరకాయ: గోరు గుచ్చితే సులువుగా దిగాలి. పైన సన్నని నూగు ఉంటే లేతది.
* బెండకాయ: కొన విరిస్తే 'టక్' మనాలి. వంగిపోతే ముదిరింది. కానీ ప్రతి కాయా విరిచి చూస్తే పాపం బండివాడి సరుకు పాడవుతుంది. ఒకటి రెండు చూస్తే చాలు.
* గోరుచిక్కుడు (గవార్ ఫలి): విరిస్తే పీచు లేకుండా విరగాలి.
* బీరకాయ: ఈనెలు పచ్చగా, కాయ నిటారుగా ఉండాలి. తేలిగ్గా ఉంటే లోపల బెండు పట్టింది.
* దొండకాయ: గట్టిగా, పచ్చగా ఉండాలి. లోపల ఎర్రబడితే పండింది, కూరకు రుచి ఉండదు.
* మునగకాయ: కొద్దిగా మెలిపెడితే మెలిక తిరగాలి, కర్రలా ఉండకూడదు.
* దోసకాయ, కీరా: కోసిన ప్రతి కాయలో చిన్న ముక్క నోట్లో వేసుకొని చూడాల్సిందే.

ఈ చివరి మాట ఎందుకు? సొర, దోస, కీరా ఒకే కుటుంబానికి చెందినవి. వీటిలో ఒక్కోసారి కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం పెరుగుతుంది. అప్పుడు అది ఉత్త చేదు కాదు, విషమే. తీవ్రమైన వాంతులు, రక్త విరేచనాలు అవుతాయి. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. చేదుగా ఉన్న సొరకాయ రసం తాగవద్దని భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) నియమించిన నిపుణులు కూడా హెచ్చరించారు. షుగర్ తగ్గుతుందని, బరువు తగ్గుతారని ఎవరో చెప్పారని పరగడుపున చేదు రసం గుటుక్కున మింగేవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. చేదు తగిలితే ఉమ్మేసి, ఆ కాయ మొత్తం పారేయండి. వండితే పోతుందనుకోవద్దు. తాగాక వాంతులు మొదలైతే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కాకరకాయ చేదు వేరు, దానికి ఈ మాట వర్తించదు.

ఆకుకూరలు: మాంసంతో మంచి జోడీ

ఎండాకాలంలో మాంసం తగ్గించి కూరగాయ పెంచమంటే కొందరికి మనసు ఒప్పదు. మన వంటలోనే దీనికి దారి ఉంది. అర కిలో మాంసంలో సొరకాయ, శనగపప్పు పడితే దాల్చా అయి ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. చింత చిగురుతో చిగుర్ గోష్త్, గోంగూరతో అంబాడా గోష్త్, గంగవాయిలి కూరతో కుల్ఫా గోష్త్, బీరకాయతో తురాయి గోష్త్. ఇవన్నీ మన పెద్దలు కాలానికి తగినట్టు కుదుర్చుకున్న వంటలే.

చింత చిగురు లేత ఎరుపు, లేత ఆకుపచ్చ కలిసిన రంగులో, పుల్లలు లేకుండా ఉండాలి. ధర ఎక్కువగానే ఉంటుంది. కానీ పులుపు బాగా ఉండటం వల్ల కొంచెం వేసినా చాలు. సీజన్‌లో కొని నీడలో ఎండబెట్టి డబ్బాలో పెట్టుకుంటే తర్వాత కూడా పనికొస్తుంది. గోంగూర, చుక్కకూర లాంటివి కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి తినాలి.

జూన్, జులైలో టమాటా ధర ఎగిరిపోవడం మనకు అలవాటే. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటింది. అలాంటప్పుడు పులుపు కోసం టమాటానే పట్టుకొని కూర్చోకుండా కైరీ, చింతపండు, గోంగూర వాడుకోవచ్చు. మే నెలలో పచ్చి మామిడి ముక్కలు కోసి ఎండబెట్టి ఒరుగులు చేసుకుంటే ఖట్టీ దాల్‌కు ఏడాదంతా ఢోకా ఉండదు.

ఎండదెబ్బకు కైరీ షర్బత్: రెండు పచ్చి మామిడికాయలు ఉడికించి, చల్లారాక గుజ్జు తీయాలి. అందులో బెల్లం లేదా చక్కెర, అర చెంచా ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, నాలుగు పుదీనా ఆకులు వేసి మెత్తగా చేసి సీసాలో పెట్టుకోవాలి. గ్లాసు చల్లని కుండనీళ్లలో రెండు చెంచాలు కలిపితే సరి. గుజ్జు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది.

కడగడం, కోయడం, దాచడం

పండ్లు, కూరగాయలు కుళాయి నీటి కింద చేత్తో రుద్ది కడిగితే చాలు. సబ్బు, సర్ఫ్ వాడొద్దు. ఆకుకూరలను పెద్ద గిన్నెలో నీళ్లు పోసి ముంచి తీస్తూ, అడుగున మట్టి పడనంత వరకు నీళ్లు మార్చాలి. వాడేముందే కడగండి. కడిగి తడిగా దాస్తే త్వరగా కుళ్లుతాయి.

కోసిన పండు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎప్పుడూ అంతకు మించే ఉంటుంది. ఇఫ్తార్‌కని మధ్యాహ్నమే కోసి బయట పెట్టే అలవాటు, పెళ్లి దావత్‌లో కోసి గంటల తరబడి ఉంచిన పళ్లెం, ఈగలు ముసిరే బండి మీది ముక్క ఈ లెక్కన పనికిరావు. పండు మొత్తంగా కొని ఇంట్లో కోసుకోవడమే మంచిది. బయటి జ్యూస్‌లో వేసే ఐసు ఏ నీళ్లతో చేసిందో మనకు తెలియదు. ఐసు వద్దని చెప్పి తాగండి.

బక్రీద్ ఇప్పుడు ఎండాకాలంలోనే వస్తోంది. ఖుర్బానీ మాంసం కోసిన కత్తి, పలక మీదే సలాడ్‌కు కీరా, ఉల్లిగడ్డ కోయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. మాంసం ఉడుకుతుంది, క్రిములు చస్తాయి. కీరా ఉడకదు కదా! పండ్లకు, సలాడ్‌కు కత్తి, పలక వేరుగా పెట్టుకోండి. ఫ్రిజ్‌లో కూడా పచ్చి మాంసం కింది అరలో, పండ్లు పై అరలో ఉండాలి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

షుగర్ ఉన్నవాళ్లు: మామిడి పూర్తిగా మానాలని లేదు. కానీ బిర్యానీ తిన్న వెంటనే తినొద్దు, జ్యూస్ చేసి తాగొద్దు. అన్నం కొంచెం తగ్గించుకొని చిన్న ముక్కలు కొన్ని తిని, షుగర్ ఎంత పెరుగుతోందో చూసుకొని డాక్టర్ చెప్పినట్టు నడుచుకోవాలి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు: కొబ్బరినీళ్లు, అరటిపండు, కర్బూజా లాంటి వాటిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బలహీనంగా ఉంటే అది రక్తంలో పేరుకుపోయి గుండెకు ప్రమాదం. "ఎండకు మంచిది" అని ఇంటికొచ్చిన చుట్టాలు కొబ్బరిబోండాం చేతిలో పెట్టినా డాక్టర్‌ని అడగకుండా తాగొద్దు.

పసిపిల్లలు: విరేచనాలు అవుతుంటే పండ్ల రసం మందు కాదు. ఎక్కువ తీపి రసం విరేచనాలను పెంచుతుంది కూడా. ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. కాబట్టి మందుల షాపులో అడిగేటప్పుడు అసలైన ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టే అడగండి. పిల్లాడు నీరసపడి కళ్లు లోతుకుపోతే, మూత్రం రాకపోతే, మలంలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పైసలు మిగిలే మార్గం

మామిడిపండ్లు డజను లెక్కన కాకుండా నాలుగిళ్లవాళ్లు కలిసి హోల్‌సేల్ మార్కెట్ నుంచి పెట్టె తెప్పించుకొని పంచుకుంటే చాలా కలిసొస్తుంది. హైదరాబాద్ వాళ్లకు బాటసింగారం పండ్ల మార్కెట్ ఉంది. పెట్టెలో పైవరుస మాత్రమే కాదు, అడుగు వరుస కూడా తీయించి చూడండి. ఆకుకూరలు పొద్దున్నే కొనండి. కూరగాయలు వారానికి సరిపడా ఒకేసారి కాకుండా రెండు మూడు రోజులకు సరిపడా తెచ్చుకుంటే కుళ్లి పారేసేది తగ్గుతుంది. ఎండాకాలంలో ఇంటి ఖర్చులో ఎక్కువ ఇస్రాఫ్ జరిగేది ఇక్కడే.

మచ్చపడిన పండును పారేయాల్సిన పనిలేదు. మచ్చ ఉన్నంత మేర తీసేసి మురబ్బా చేయొచ్చు. కానీ బూజు పట్టినా, పులిసిన వాసన వచ్చినా మొత్తం పారేయాల్సిందే.

చివరగా ఒక్క మాట. సీజన్ పండు నాలుగు రోజుల ముచ్చట. ఇంట్లో నలుగురం తింటున్నప్పుడు పక్కింటి పిల్లల చేతిలో కూడా రెండు ముక్కలు పెడితే ఆ తీపి ఇంకాస్త ఎక్కువగా ఉంటుంది. ఈసారి బజారుకు వెళ్లేటప్పుడు ముక్కుతో, చేత్తో, చెవితో చూసి కొనండి. కళ్లను మాత్రమే నమ్మకండి.